చేని చెంత చిన్న కొట్టం

మిర్యాలగూడ నుండి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్లకు సాగే దారి దక్షిణ తెలంగాణను తూర్పు నుండి పడమరకు అడ్డంగా చీలుస్తుంది. తూర్పు కొసన నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరి మడులుంటాయి. దేవరకొండ దాటేసరికి నేల రంగు మారుతుంది. ఎర్ర చెల్కలు, బండరాతి గుట్టలు, వాటి నడుమ పత్తి, ఆముదం, కంది, వేరుసెనగ చేలు. ప్రయాణికుని చూపు దేవరకొండ దుర్గం మీద నిలుస్తుంది గాని, ఆ దారి పొడవునా పొలం గట్ల మీద కనిపించే చిన్న చిన్న కట్టడాల మీద నిలువదు. బావి గడ్డన మోటారుకు నీడగా నాలుగు రేకులు, వేపచెట్టు కింద పశువులకు ఒక కొట్టం, చేను నడుమ ఒక మంచె, ఇంటి వెనుక దొడ్డిలో కట్టెలకూ పిడకలకూ ఒక పాక. వీటికి శిలాశాసనాలు లేవు. కట్టినవాని పేరు ఎవరికీ తెలియదు. అయితే ఆరు నెలల శ్రమను తేమ నుండి, చెదల నుండి, ఎలుకల నుండి కాపాడేది ఇవే. ఇల్లు రైతును కాపాడితే కొట్టం అతని పంటను కాపాడుతుంది.

ఒకప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ అనే రెండు జిల్లాలుగా ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరులో ఏడు జిల్లాలైంది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరుపడింది. పరిపాలన హద్దులు మారినా నేల స్వభావం మారలేదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ, కలప అరుదు, రాయి సమృద్ధి. ఇక్కడి చిన్న కట్టడాల రూపురేఖలను నిర్ణయించినవి ఈ నాలుగే.

ఈ కట్టడాల పేర్లు కూడా విలువైనవే. 'గుడి' అనే మాటకు దేవాలయమనే అర్థంతో పాటు వలయమనే అర్థమూ ఉంది. చంద్రుని చుట్టూ ఏర్పడే కాంతి వలయం వరదగుడి. అక్షరం తలపై గుండ్రంగా చుట్టే ఇకార చిహ్నాన్ని గుడి అనే పిలుస్తాం. 'గుడిసె' అనే మాట వినగానే ఈ గుండ్రదనం స్ఫురించడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. నల్లమలలో అమ్రాబాదు పీఠభూమిపై నివసించే చెంచుల సంప్రదాయ గృహం అక్షరాలా గుండ్రని గుడిసెయే. వెదురు దబ్బలతో అల్లిన వర్తులాకారపు దడి, దానిపై శంకువు వలె నిలిచే గడ్డి కప్పు దాని రూపం. 1940 దశకపు తొలినాళ్లలో చెంచుల మధ్య మెలగి, 1943లో వారిపై గ్రంథం వెలువరించిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వల్ల ఈ జీవన విధానం ప్రపంచానికి తెలిసింది.

గుండ్రని గోడలో ఒక లెక్క దాగి ఉంది. నూరు చదరపు అడుగుల స్థలాన్ని చతురస్రంగా చుట్టాలంటే నలభై అడుగుల గోడ కావాలి. అంతే స్థలాన్ని వృత్తంగా చుట్టడానికి ముప్పై అయిదున్నర అడుగులు చాలు. అంటే నాలుగున్నర అడుగుల గోడకు కావలసిన వెదురు, మట్టి, శ్రమ మిగిలినట్లే. పైగా మూలలు లేని గోడను గాలి ఢీకొనదు, పక్కనుండి జారిపోతుంది. రేఖాగణితం చదువని చేతులు ఈ సత్యాన్ని ఎన్నడో గ్రహించాయి. అయితే గుండ్రని కొట్టంలో మంచం గోడకు ఆనదు, బస్తాలు వరుసగా పేర్చరావు, అవసరం పెరిగినప్పుడు పక్కన మరొక గది కలుపరాదు. అందువల్లనే మైదాన ప్రాంతపు రైతు పొడవాటి కొట్టాన్ని ఎన్నుకున్నాడు.

ఇక మంచె. సంస్కృతంలో 'మంచ' శబ్దానికి ఎత్తైన వేదిక అని అర్థం. రఘువంశంలో ఇందుమతీ స్వయంవరానికి వచ్చిన రాజులు ఆసీనులైనవి మంచాలే. రాజులకు సింహాసనాలు నిలిపిన వేదికా, జొన్నచేలో కాపరి కూర్చునే నాలుగు గుంజల పీటా ఒకే మాట నుండి పుట్టడం తెలుగు భాష చేసిన చమత్కారం. అదే కావ్యం నాలుగవ సర్గలో చెరకు నీడన కూర్చుని వరిచేలు కాచే స్త్రీలు రఘుమహారాజు కీర్తిని గానం చేసినట్లు కాళిదాసు వర్ణించాడు. మహాకవి ఎన్నుకున్న ఆ దృశ్యం ఈ నేలకు కొత్తది కాదు. జొన్న కంకి పాలు పోసుకున్నది మొదలు కోతల వరకు వేకువనే మంచె ఎక్కి ఒడిసెలతో రాళ్లు విసరడం, డబ్బా మోగించడం, కేకలు వేయడం పాలమూరు పల్లెల్లో పిల్లలకూ వృద్ధులకూ నిత్యకృత్యంగా ఉండేది.

మంచె నిర్మాణం చూడడానికి సులభం. ఎనిమిది నుండి పది అడుగుల గుంజలు నాలుగు పాతి, పైన అడ్డకర్రలు కట్టి, వాటిపై వెదురో కంది కట్టెయో పరచి, తలపైన కొద్దిగా కమ్మలు కప్పితే సరిపోతుందనిపిస్తుంది. కాని అలా కట్టిన మంచె మనిషి ఎక్కగానే ఊగుతుంది. నాలుగు కర్రలతో ఏర్పడిన చతురస్రం ఒక పక్కకు ఒరగగలదు; మూడు కర్రలతో ఏర్పడిన త్రిభుజం ఒరగదు. కనుక గుంజల మధ్య ఏటవాలుగా ఒక కర్రను బిగిస్తారు. మంచెకు ప్రాణం ఆ ఏటవాలు కర్రలోనే ఉంది. పెద్ద వంతెనల ఇనుప కమ్ములలో కనిపించే త్రిభుజాలకూ, పిచ్చుకలను తోలే పిల్లవాని కాళ్ల కింది త్రిభుజానికీ సూత్రం ఒక్కటే.

ఈ ప్రాంతంలో జొన్న తగ్గి పత్తి పెరిగిన కొద్దీ మంచెలు కనుమరుగయ్యాయి. పత్తిని పిట్టలు తినవు గదా! అయినా అడవిపందులు వేరుసెనగను తవ్విపోసే నల్లమల అంచు గ్రామాలలో రాత్రి కావలికి అవి ఇంకా అవసరమవుతున్నాయి.

ధాన్యాన్ని దాచడానికి కట్టినవి మరొక తెగ. వెదురుతో అల్లి, పేడమట్టితో మెత్తిన గుమ్మి ఇంటిలోనో వసారాలోనో ఉండేది. గాదె అంతకంటె పెద్దది. 'గాదె కింద పందికొక్కు' అనే నానుడి పుట్టిందంటే ఆ కట్టడానికి అసలు శత్రువెవరో తెలుస్తున్నది. అందుకే దాని అడుగును నేలకు ఆనించక రాళ్లపై నిలిపేవారు. వీటన్నింటికంటె విచిత్రమైనది పాతర. దీనికి గోడలు లేవు, కప్పు లేదు; నేలయే గోడ, నేలయే కప్పు. నీరు ఊరని గట్టి మెరక నేలలో గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ ఎండుగడ్డి పరచి, జొన్నలు పోసి, పైన గడ్డీ మట్టీ కప్పి మూసివేసేవారు. మూసిన పాతరలో గింజలూ పురుగులూ శ్వాసించడం వల్ల ఆమ్లజని తగ్గి బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. కొంతకాలానికి ఊపిరాడక పురుగులు నశిస్తాయి. మందు చల్లకుండానే ధాన్యం నిలవ ఉండే రహస్యమిదే. అయితే పురుగును చంపిన వాయువు మనిషిని మాత్రం విడిచిపెడుతుందా? పాతర తెరచిన వెంటనే దిగినవారు ప్రాణాలు కోల్పోయే ప్రమాదం ఉన్నది. మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చి, దీపం దించి, అది ఆరకుండా వెలిగితేనే లోపలికి దిగాలనే ఆచారం అనుభవం నేర్పిన జాగ్రత్త. పూడిన పాత బావిలో దిగేవారికి కూడా ఈ జాగ్రత్త తప్పనిసరి.

కొట్టం కట్టదలచినవాడు మొదట చూడవలసింది కలపను కాదు, నేల వాలును. వాన నీరు ఎటు నుండి వచ్చి ఎటు పోతుందో ఒక్క వర్షాకాలం గమనించినవానికి స్థలం ఎన్నిక కష్టం కాదు. చుట్టుపట్ల నేలకంటె అడుగున్నర ఎత్తుగా మొరం పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టిన అరుగు మీద కొట్టం నిలపాలి. ఎర్ర చెల్క నేలలో పునాది లోతు తక్కువైనా ఫరవాలేదు. గద్వాల, ఆలంపురం వైపు నల్లరేగడిలో అలా కుదరదు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దానిపై బరువైన ఇటుక గోడ కడితే కొద్ది ఏళ్లకే పగుళ్లు తప్పవు. అక్కడ గోడను వదలి గుంజలపై నిలిచే తేలిక కొట్టం కట్టుకోవడం తెలివైన పని.

ఇక దిక్కుల విషయం. కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ పొట్టి గోడలపైన మాత్రమే పడుతుంది. మధ్యాహ్నపు ఎండను కప్పు అంచు ఆపుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు గాలివాన నైరుతి నుండి వస్తుంది కనుక తెరచిన ముఖం తూర్పుకో ఉత్తరానికో ఉండాలి. పడమటి గోడకు కిటికీ పెట్టకపోవడమే మేలు. ఈ మాటలను వాస్తుశాస్త్రమని కొందరు, వాతావరణ శాస్త్రమని మరికొందరు అంటారు. పేరు ఏదైనా బస్తా తడవకపోవడం ముఖ్యం.

గోడల విషయంలో పాలమూరు నేల ఉదారమైనది. ఇక్కడి బండను చీల్చి తీసిన రాతి కడీలు చేలకు కంచెగానూ పందిళ్లకు స్తంభాలుగానూ నిలిచాయి. కడీకి చెద పట్టదు, నీటికి కుళ్లదు, నిప్పుకు కాలదు. కృష్ణానది ఒడ్డున ముడుమాల్ దగ్గర ప్రాచీనులు నిలిపిన నిలువురాళ్లు వేల ఏళ్లుగా చెక్కుచెదరలేదు; 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. నాలుగు కడీలు రెండేసి అడుగుల లోతున పాతి, పైన దూలాలు కట్టినవానికి మరో రెండు తరాల దాకా స్తంభాల చింత ఉండదు. కలపయే వాడదలచినవారు వేపను ఎన్నుకుంటారు. చెద దాని జోలికి అంత తొందరగా రాదు. తుమ్మ మొద్దులను కొన్ని నెలలు చెరువు నీటిలో నానవేసి ఆరబెడితే పురుగు పట్టడం తగ్గుతుంది. నేలలో పాతే కొసను నిప్పుపై కాల్చి నల్లబరచడం కూడా పాత పద్ధతియే.

ఇటుక గోడ కావాలనుకునేవారికి లారీ బేకర్ ప్రచారం చేసిన ఒక కట్టుబడి ఉపకరిస్తుంది. 1917లో ఇంగ్లండులో జన్మించి, భారతదేశంలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో మరణించిన ఆ వాస్తుశిల్పి పేదల కోసం తక్కువ ఖర్చు ఇండ్లు కట్టడానికి జీవితాన్ని అంకితం చేశాడు. ఇటుకను పడుకోబెట్టక పక్కమీద నిలిపి, గోడ మధ్య ఖాళీ మిగిలేలా పేర్చడం ఆ విధానం. ఎలుకబోను కట్టు అని దాని పేరు. దీనివల్ల గోడ మందం తొమ్మిది అంగుళాలే ఉన్నా ఇటుకలు సుమారు నాలుగో వంతు తగ్గుతాయి. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గల చిన్న గదికి ఒక ద్వారం పోగా దాదాపు 290 చదరపు అడుగుల గోడ వస్తుంది. మామూలు పద్ధతిలో దానికి రెండున్నర వేల ఇటుకలు కావాలి. ఈ కట్టుబడిలో ఆరు వందలకు పైగా మిగులుతాయి. గోడలోని గాలి పొర ఎండ వేడిని లోపలికి రానివ్వదు. పేరులో ఎలుకబోను ఉన్నంత మాత్రాన ఎలుకలు అందులో పడతాయని కాదు. అడుగు వరుసనూ పై వరుసనూ ఖాళీ లేకుండా కట్టకపోతే అది ఎలుకలకు బోను బదులు ఇల్లే అవుతుంది!

కప్పు దగ్గరకు వచ్చేసరికి ఎక్కువమంది పొరపాటు పడతారు. నల్లగొండ జిల్లాలో తాటిచెట్లకు కొదువలేదు. ముదురు తాటి మాను పై పొర ఇనుమంత గట్టిది, నడుమ భాగం బెండు. అందుచేత మానును నిలువునా చీల్చి, బెండు తొలగించి వాసాలుగా వాడతారు. తాటాకు కప్పు చల్లనిది, చవుకైనది. అయితే రెండు మూడేళ్లకొకసారి కొత్త ఆకు వేయక తప్పదు, నిప్పు భయమూ ఉంటుంది. వంటపొయ్యి ఉన్న ఇంటికి పశువుల కొట్టం దూరంగా ఉండాలనడం అందుకే. గడ్డి, ఆకుల కప్పుకు వాలు బాగా ఉండాలి. వాలు తగ్గితే నీరు జారక లోపలికి దిగి ఆకు మురిగిపోతుంది. పాలమూరు పడమటి భాగాన మట్టి మిద్దెలు ఇందుకు భిన్నం. వాటిపైన పరచే సౌడు మట్టిలో సోడియం లవణాలెక్కువ. తడిసినప్పుడు ఆ మట్టి రేణువులు విడివడి సందులను మూసివేస్తాయి. పంటకు పనికిరాని చవుడు నేల కప్పుకు మాత్రం గొడుగైంది.

ఇటీవలి దశాబ్దాలలో ఆకును, మట్టిని తోసిరాజని రేకు వచ్చింది. నిలబెట్టడం సులభం, ఏటేటా మార్చే పని లేదు. కాని రోహిణి కార్తెలో రేకు కింద నిలవడం పశువుకు కూడా కష్టమే. రేకుపై చొప్ప పరచినా, సొర, బీర తీగలు పాకించినా వేడి చాలావరకు తగ్గుతుంది. సిమెంటు రేకులలో కొన్నింటిలో ఆస్‌బెస్టాస్ పోగులుంటాయి. అవి కోసినప్పుడూ పగిలినప్పుడూ లేచే ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సర్ వంటి వ్యాధులను కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా హెచ్చరించింది. పగిలిన ముక్కలను పొయ్యిగడ్డలుగానో దొడ్డి కంచెగానో వాడుకోవడం పొదుపు కాదు, ప్రమాదం.

వేసవి చివర వచ్చే గాలిదుమారానికి రేకులు ఎగిరిపోవడం ఈ ప్రాంతంలో ఏటా వినిపించే వార్తయే. గాలి కప్పును కిందికి నొక్కుతుందని సామాన్యంగా భావిస్తారు. నిజానికి కప్పు మీదుగా వేగంగా సాగే గాలి దానిని పైకి లాగుతుంది. తెరచిన ముఖం నుండి లోపలికి చొరబడిన గాలి కింది నుండి తోస్తుంది. ఈ రెండు బలాలూ కలిసినప్పుడు రేకుపై పెట్టిన నాలుగు రాళ్లు ఏ మాత్రమూ ఆపలేవు. సరికదా, అవే జారిపడి కింద ఉన్నవారిని గాయపరుస్తాయి. రేకును వాసానికి, వాసాన్ని దూలానికి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని నేలకు బంధించాలి. ఈ గొలుసులో ఏ ఒక్క ముడి వదులైనా తక్కిన ముడుల గట్టితనం వ్యర్థమే.

కొట్టంలో ఏది ఎక్కడ ఉండాలన్నది చిన్న విషయంగా కనిపించినా ప్రాణాలకు సంబంధించినది. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాలు వేరుసెనగకు పెట్టినది పేరు. సరిగా ఎండని కాయను తడి నేలపై కుప్ప పోస్తే దానికి ఒక రకమైన బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని వ్యాధితో చనిపోయినప్పుడు కారణం వెదికిన శాస్త్రజ్ఞులకు వాటి దాణాలోని వేరుసెనగ పిండిలో ఈ విషం దొరికింది. కాలేయాన్ని దెబ్బతీసే ఈ విషం వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. కాబట్టి కాయలో తేమ ఎనిమిది శాతం లోపు వచ్చే వరకు ఎండబెట్టి, బస్తాలను నేలకు ఆనకుండా చెక్కలపై, గోడకు అడుగు దూరంలో పేర్చాలి. అడుగు నుండి, పక్కల నుండి గాలి ఆడటమే అసలైన మందు. దేవరకద్ర సంతకు తరలే ఉల్లిగడ్డకు కూడా ఇదే సూత్రం. అది మరింత గాలి కోరుతుంది గనుక దాని పాకకు గోడలకు బదులు వెదురు తడికలుంటాయి.

పత్తి చేలు విస్తరించిన తరువాత ప్రతి రైతు ఇంటికీ పురుగుమందు డబ్బాలు వచ్చాయి. ఒకే గదిలో మనుషులు నిద్రించడం, గింజలు దాచడం, మంచం కింద మందు డబ్బా పెట్టడం ఎన్నో పల్లెలలో సర్వసాధారణమైంది. పసిపిల్లలకు సీసా రంగు తప్ప దానిలోని విషం తెలియదు. ఇంటికి వేరుగా, గింజలకూ దాణాకూ దూరంగా, తాళం వేసిన ఒక చిన్న అర కొట్టంలో ఉండడం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఖాళీ అయిన డబ్బాను కడిగి మంచినీళ్లకో నూనెకో వాడడం అంతకంటె పెద్ద అపాయం. ఒక చెక్క పెట్టె, ఒక తాళం ఖరీదు ఎంత? కొట్టం ఖర్చులో అది లెక్కకు రానంత స్వల్పం.

పశువుల కొట్టానికి వేరే జాగ్రత్తలు అట్టే లేవు. పది అడుగులకు రెండు అంగుళాల వాలుతో బండలు పరచి, చివర కాలువ తీసి, మూత్రం పెంటకుప్పకు చేరేలా చేస్తే నేల పొడిగా ఉంటుంది, ఎరువు వృథా కాదు. గొర్రెల కాపరికి అదీ అవసరం లేదు. మందను రైతుల చేలలో నిలుపుతూ సాగే అతనికి గొంగడియే కొట్టం. ఎండకు, వానకు, చలికి అదే కప్పు.

2006 ఫిబ్రవరిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం తొలి విడతగా ప్రారంభమైనప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు రెండూ అందులో ఉన్నాయి. తరువాతి కాలంలో పేద కుటుంబాలు పశువుల కొట్టాలను, గొర్రెల పాకలను కట్టుకోవడానికి కూడా ఆ పథకంలో వీలు కల్పించారు. కొట్టం అవసరాన్ని ప్రభుత్వం గుర్తించడం మంచి పరిణామమే. అయితే రాష్ట్రమంతటికీ ఒకే నమూనా గీసినప్పుడు రేగడికీ చెల్కకూ, తాటాకుకూ రాతి కడీకీ గల భేదం కాగితం మీద మాసిపోతుంది. నేల ఎరిగిన మేస్త్రీ సలహా లేకుండా కట్టినది ఎంత కొత్తదైనా ఆ నేలకు పరాయిదిగానే మిగులుతుంది.

పనితనానికి ఇక్కడ లోటు లేదు. పాలమూరు కూలీలు దేశం నలుమూలలా ఆనకట్టలకు, కాలువలకు, రహదారులకు మట్టి మోశారు. వానలు ముఖం చాటేసిన ఏడు పంట పనులు ముగియగానే కుటుంబాలకు కుటుంబాలే మేస్త్రీ వెంట తరలిపోయేవి. వెళ్లేముందు నాగలిని, గుంటకను, గొర్రును కడిగి కొట్టంలో చేర్చేవారు. కొడవళ్లను చూరులో చెక్కేవారు. విత్తనపు మూటను ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీసేవారు. తలుపు లేని కొట్టమైతే వాకిటికి తుమ్మకంప అడ్డం వేసేవారు. ఎండలు ముదిరాక, మృగశిర ఇంకా వారం రోజులుందనగా తిరిగి వచ్చినవారు ఇంట మూటలు దించగానే చేనికి పోయి కంప పక్కకు లాగేవారు. ముందు కప్పును చూసి, తరువాత దూలానికి వేలాడే మూటను దించి, పిడికెడు గింజలు అరచేతిలో పోసుకొని ఊదేవారు. పొట్టు ఎగిరి గింజ నిలిస్తే ఆ ఏటికి విత్తనం ఉన్నట్లు; పిండి ఎగిరితే షావుకారు వాకిలి తొక్కక తప్పదు.